ధర గీటురాయి కాదు

ప్రొద్దుటూరులో మంచి హెడ్‌ఫోన్లు కొనబోయే మనిషికి ఎవరిని అడిగినా దొరికే సలహా ఒకటే: "ఎంత పెడితే అంత సౌండు." అంగట్లో అమ్మే ఆయన అదే అంటాడు. బెంగళూరులో ఉద్యోగం చేసే మేనల్లుడు అదే అంటాడు. పులివెందుల ఇంజినీరింగ్ కాలేజీ కుర్రవాళ్ళు కూడా అదే అంటారు. ఉన్న జత పాతబడింది, ఇంట్లో కూర్చుని ప్రశాంతంగా పాటలు వినడానికి ఇంకాస్త మంచిది కొందామనుకున్న మనిషి ఈ మాటకు ఎదురు చెప్పలేడు. చేతిలో ఉన్న డబ్బు లెక్క చూసుకుని, చాలకపోతే వాయిదాలు పెట్టించుకుని, అందినంతలో అన్నిటికంటే ఖరీదైనది తెచ్చుకుంటాడు. ఈ సలహా తప్పు. ఇంట్లో వినే మనిషిని ఇది డబ్బు దగ్గరా, వినికిడి దగ్గరా, చివరికి చెవి ఆరోగ్యం దగ్గరా కూడా నష్టపరుస్తోంది.

అందులో ఉన్న నిజాన్ని ముందు ఒప్పుకుంటాను. ఐదువందల జతకూ ఐదువేల జతకూ తేడా ఉంది, ఎవరి చెవికైనా తెలుస్తుంది. కాస్త ధర పెరిగితే కీళ్ళు గట్టిగా ఉంటాయి, కుడి ఎడమలు సమానంగా మోగుతాయి, పాడైతే విడిభాగాలు దొరుకుతాయి. ఇక రెండో సంగతి, మన ఊళ్ళలో విని చూసి కొనే వీలు దాదాపు లేదు. జమ్మలమడుగులో గానీ పులివెందులలో గానీ పాతికవేల హెడ్‌ఫోన్‌ను డబ్బా విప్పి, చెవికి పెట్టుకుని చూడమనే అంగడి నాకు ఇంతవరకు తగల్లేదు. వినకుండా కొనేవాడు ఏదో ఒక ఆధారం పట్టుకోవాలి కదా. ధర ఒక్కటే కంటికి కనిపిస్తుంది. మూడోది ప్రొద్దుటూరు స్వభావం. పసిడిపురి అని పేరుపడ్డ ఊరు ఇది. ధర వెనక నాణ్యం ఉంటుందని నమ్మడం ఇక్కడి పిల్లలకు ఉగ్గుపాలతో వస్తుంది. ఒకసారి ఒక అంగట్లో రెండు జతల మధ్య తేడా ఏమిటని అడిగితే, ఆయన నొచ్చుకున్నట్టుగా అన్నాడు: "నేను చెప్పల్లనా సార్? రేటే చెప్తాంది గదా."

రేటు ఏమీ చెప్పదు. ఎందుకో వరసగా చూద్దాం.

1. బంగారం పోలిక

బంగారు అంగళ్ళ వీధికి ఒక పాత నగ తీసుకుపోండి. అంగడాయన దాని ధర అడగడు. నల్లని రాయి మీద నగను గీస్తాడు. పక్కనే తనకు పాలు తెలిసిన మచ్చు బంగారంతో ఇంకో గీత గీస్తాడు. రెండింటి మీదా యాసిడ్ చుక్క వేసి, ఏ గీత నిలిచింది, ఏది వెలిసింది అని చూస్తాడు. ఇప్పుడు చాలాచోట్ల కేరట్ యంత్రం వచ్చింది, పని మాత్రం అదే. 22 కేరట్ అంటే వెయ్యికి 916 పాళ్ళు బంగారం. అది తేలాక తూకం, తూకం అయ్యాక ఆ రోజు రేటు, ఆ తర్వాతే ధర. ధర అన్నిటికంటే చివర వస్తుంది.

"ఎంత పెడితే అంత సౌండు" అనేవారు ఈ వరసను తలకిందులు చేశారు. ముందు ధర చూపించి, దాని నుంచి పాలు ఊహించుకోమంటున్నారు. ఏ బంగారు వర్తకుడి ముందైనా ఈ మాట అని చూడండి. "ఈ గొలుసు రెండు లక్షలకు కొన్నాను, కాబట్టి ఇది 22 కేరట్" అంటే ఆయన మారు మాట్లాడకుండా రాయి తీస్తాడు. తన వ్యాపారంలో ఒప్పుకోని తర్కాన్ని మన ఊరు హెడ్‌ఫోన్ల దగ్గర ఎందుకు ఒప్పుకోవాలి?

హెడ్‌ఫోన్లకు గీటురాయి లేదా అంటే ఉంది. మంద్రం నుంచి తారం వరకు ఏ శబ్దాన్ని ఎంత బలంగా పలుకుతుందో చూపే ఒక గీతను యంత్రం మీద గీస్తారు. దాన్ని ఫ్రీక్వెన్సీ రెస్పాన్స్ అంటారు. మనం "గొంతు స్పష్టంగా ఉంది", "బేస్ మరీ ఎక్కువైంది", "చెవిలో గుచ్చుతోంది" అనేవాటిలో ఎక్కువ భాగం ఆ గీతలోనే కనిపిస్తుంది. 2017లో అమెరికా అకౌస్టికల్ సొసైటీ పత్రికలో జెరోన్ బ్రీబార్ట్ 283 హెడ్‌ఫోన్ల గీతలను వాటి ధరలతో పోల్చి ఒక చిన్న వ్యాసం ప్రచురించాడు. చెవిలో దూర్చుకునేవి, చెవి మీద ఆనేవి, చెవిని మొత్తం కప్పేవి, అన్నీ అందులో ఉన్నాయి. గీతకూ ధరకూ సంబంధం లేదని తేలింది. ఆయన వ్యాసానికి పెట్టిన శీర్షిక కూడా అదే.

అయితే కొలతలో బాగున్నది చెవికి బాగుంటుందా అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. హర్మన్ కంపెనీలో షాన్ ఆలివ్, టాడ్ వెల్టి 2012 నుంచి కొన్నేళ్ళపాటు దీని మీదే పరీక్షలు చేశారు. వినేవారి తల మీద ఒకే హెడ్‌ఫోన్ ఉంచి, దానిలోనుంచే రకరకాల హెడ్‌ఫోన్ల పలుకును అనుకరించి వినిపించారు. ఏ బ్రాండో, ఎంత ధరో, చెవికి మెత్తగా ఉందో లేదో తెలిసే దారి మూసేశారు. అప్పుడు ఎక్కువమంది ఎంచుకున్నది, మంచి గదిలో మంచి స్పీకర్లు పలికే తీరుకు దగ్గరగా ఉన్న పలుకును. కొందరు బేస్ కాస్త ఎక్కువ కోరారు, కొందరు తక్కువ కోరారు. ధర తెలియనప్పుడు మనుషులు ధరను వినలేదు, పాటనే విన్నారు.

2. డబ్బా మీది అంకెలు

ధర తర్వాత అమ్మేవారు చూపించేది అంకెలు. అంకె అబద్ధం కాదు కాబట్టి కొనేవాడు నమ్ముతాడు. ఆ అంకె దేన్ని కొలిచిందో మాత్రం ఎవరూ అడగరు.

డ్రైవర్ 50 మిల్లీమీటర్లు అని పెద్దక్షరాలతో ఉంటుంది. లోపల మోగే పొర వ్యాసం అది. పెద్ద డప్పు చిన్న డప్పుకంటే మంచి డప్పు అన్నట్టుంది ఈ వాదన. 1991లో వచ్చిన సోనీ ఎండీఆర్-7506లో ఉన్నది 40 మిల్లీమీటర్ల డ్రైవరే. ప్రపంచమంతా స్టూడియోల్లో దాన్నే పెట్టుకుని రికార్డింగులు సరిచూశారు, నేటికీ చూస్తున్నారు.

40 కిలోహెర్ట్జ్ అని, పక్కన బంగారు రంగు హై-రెస్ ముద్ర అని ఇంకో అంకె. ఆ ముద్ర కావాలంటే 40 కిలోహెర్ట్జ్ వరకు పలకాలని నియమం. ఆరోగ్యంగా ఉన్న చిన్నపిల్లల చెవికి పైహద్దు 20 కిలోహెర్ట్జ్. యాభై దాటినవారిలో చాలామందికి 12 దగ్గరే ఆగిపోతుంది. అంతకు పైన పలికితే గబ్బిలాలు వింటాయి, మనం వినం. ఇందాక చెప్పిన సోనీ స్టూడియో జత తన డబ్బా మీద 20 వరకే రాసుకుంది.

ఓమ్స్ సంగతి ఇంకా పొరపాటుగా ప్రచారమైంది. 300 ఓమ్స్ అంటే అసలైన స్టూడియో సరుకనీ, 32 అంటే నాసిరకమనీ కుర్రవాళ్ళు చెప్పుకుంటారు. బేయర్‌డైనమిక్ డీటీ 770 ప్రో అనే ఒకే మోడల్‌ను 32, 80, 250 ఓమ్స్‌లో అమ్ముతున్నారు. ఓమ్స్ నాణ్యానికి కొలతైతే ఒకే మోడల్‌కు మూడు నాణ్యాలు ఎలా వస్తాయి? ఓమ్స్ చెప్పేది ఆ జత ఏ యంత్రంతో కలిసి సుఖంగా మోగుతుందో మాత్రమే. 300 ఓమ్స్ జతను నేరుగా ఫోనుకు తగిలిస్తే చాలాసార్లు శబ్దం చాలదు. అప్పుడు దానికి తగిన డాంగిల్ గానీ చిన్న ఆంప్లిఫయర్ గానీ కావాలి. ఫోన్లోనే వినే మనిషికి ఎక్కువ ఓమ్స్ అమ్మడమంటే రెండో ఖర్చును దాచిపెట్టి అమ్మడం.

హై-రెస్ పాటల ఫైళ్ళ గురించి రెండు వాక్యాలు చాలు. 2007లో మేయర్, మోరన్ అనే ఇద్దరు, ఖరీదైన హై-రెస్ డిస్కుల శబ్దాన్నీ, అదే శబ్దాన్ని మామూలు సీడీ స్థాయికి దించిందాన్నీ, ఏది ఏదో చెప్పకుండా వినిపించి 554 సార్లు పరీక్షించారు. సరిగ్గా గుర్తుపట్టింది 276 సార్లు, అంటే నాణెం ఎగరేసినా దాదాపు అన్నిసార్లు సరిపోయేది.

3. మన ఇళ్ళలో వినేది ఏమిటి

ఖరీదును నమ్మే వాదనలో అతిపెద్ద ఖాళీ ఇక్కడ ఉంది. ఏం వింటావు అని ఆ వాదన ఎవరినీ అడగదు.

మా వైపు ఇళ్ళలో ఏం వింటారో నాకు తెలుసు. తెల్లవారుజామున గరిమెళ్ళ బాలకృష్ణప్రసాద్ పాడిన అన్నమయ్య కీర్తనలు. తాళ్ళపాక మన పాత కడప జిల్లాలోని ఊరే కాబట్టి వాటి మీద మాకు ఇంటి పాటలన్న మమకారం ఉంది. కడప ఆకాశవాణి, మీడియం వేవ్ 900 కిలోహెర్ట్జ్ మీద పెరిగిన తరం ఇంకా ఉంది. ఆ తరానికి ఘంటసాల, సుశీల, లీల కావాలి. వారి పిల్లలకు ఇళయరాజా, బాలు. వారి పిల్లలకు నిన్నమొన్నటి సినిమా పాటలు. ఈ నాలుగింటికీ ఒకే ఖరీదైన జత ఒకేలా మేలు చేస్తుందనడం, నాలుగు రకాల నేలకు ఒకే విత్తనం చాలుననడమే.

1957 నాటి "మాయాబజార్" పాటలు తీసుకోండి. అవి మోనోలో రికార్డయ్యాయి. రెండు చెవులకూ వెళ్ళేది ఒకటే శబ్దం, గొంతు తల మధ్యలో నిలబడుతుంది. శబ్దం చుట్టూ పరుచుకున్నట్టు వినిపిస్తుందని చెప్పి పదివేలు అదనంగా అమ్మే హంగుకు అక్కడ పరచడానికి ఏమీ లేదు. త్రీడీ బటన్ నొక్కితే ఆ గొంతు పలచబడి, నూతిలోంచి వచ్చినట్టు వినిపిస్తుంది. పైగా ఆనాటి సినిమా సౌండ్‌ట్రాక్‌లో 8 కిలోహెర్ట్జ్ దాటిన తర్వాత సంగీతం మిగిలేది తక్కువ, బుస ఎక్కువ. ట్రెబుల్ మెరిసేలా చేసిన ఖరీదైన జత ముందుగా ఆ బుసనే మెరిపిస్తుంది. ఘంటసాల కోసం డబ్బు పెట్టి, గీతలు పడ్డ రికార్డు గరగరను పెద్దది చేసుకున్నవారిని చూశాను. "పాత పాటలు ఇందులో బాగుండవు" అని వారు తేల్చేశారు. పాట మీద నింద పడింది.

తెలుగు వినేవారికి నేను చెప్పే గీటు ఒకటుంది. ఏ అంతర్జాతీయ సమీక్షలోనూ ఇది దొరకదు, ఎందుకంటే వారు మన భాషలో వినరు. శ, ష, స. ఈ మూడూ మూడుగా వినిపిస్తున్నాయా? స లో గాలి సన్నగా, పైస్థాయిలో ఉంటుంది. శ, ష కాస్త కిందికి, ఒత్తుగా ఉంటాయి. 5 నుంచి 8 కిలోహెర్ట్జ్ మధ్య అతిగా లేపిన హెడ్‌ఫోన్‌లో మూడూ ఒకే ఈలగా మారిపోతాయి. అక్కడ బాగా అణిచేసిన జతలో మూడూ మొద్దుబారతాయి, పాడేవారి నోట్లో ఏదో ఉన్నట్టు అనిపిస్తుంది. తర్వాత ధ, భ, ఘ వంటి ఒత్తక్షరాలు వినండి. బేస్ ఉబ్బించిన జతలో వాటి వెనక ఊపిరి బదులు గుద్దు వినిపిస్తుంది. ప్రొద్దుటూరులో ఏళ్ళ తరబడి ఉన్న పుట్టపర్తి నారాయణాచార్యుల "శివతాండవం" ఎవరైనా మంచి గొంతుతో చదివిన రికార్డింగు పెట్టుకుని వినండి. హల్లుల మీద నడిచే కావ్యం అది. పది నిమిషాల్లో హెడ్‌ఫోన్ పాలెంతో తేలిపోతుంది.

మూడో గీటు మృదంగం. కుడి చేతి పలుకు టంకారంలా తెగిపడాలి, ఎడమ చేతి శబ్దం లోతుగా ఉండి వెంటనే ఆగాలి. ఎడమ చేతిది సాగి సాగి పాడేవారి గొంతు మీద పరుచుకుంటే ఆ జత వద్దు, అది ముప్పైవేలదైనా సరే. నాలుగోది తంబురా. గాయకుడు ఆగిన చోట తంబురా శ్రుతి ఆగకుండా వినపడుతూ ఉండాలి. చాలామంది తమ పాత జతలో తంబురా ఉందనే గమనించి ఉండరు. కొత్త జతలో ఇది మొదటిసారి వినపడితే, డబ్బు ఖర్చుపెట్టినందుకు అర్థం ఉంది.

ఇవన్నీ మనకు పాలు తెలిసిన మచ్చులు. వందసార్లు విన్న పాటే మచ్చు. కంపెనీ వారిచ్చే డెమో పాట మచ్చు కాదు, ఎందుకంటే అది ఎలా ఉండాలో మనకు తెలియదు. తెలియనిదాని పక్కన గీత గీసి ఏం పోలుస్తాం?

4. మన ఇల్లు, మన ఎండ, మన తల

సమీక్షలు రాసేవారిలో చాలామంది చల్లని దేశాల్లో, కార్పెట్లు పరిచిన గదుల్లో కూర్చుని వింటారు. వారికి బాగున్నది మే నెలలో జమ్మలమడుగులో ఎలా ఉంటుందో వారు చెప్పలేరు.

మా ఎండ 43, 44 డిగ్రీలు అందుకుంటుంది. ఆ రోజుల్లో రెక్సిన్ కుషన్లుండి, వెనకవైపు మూసి ఉన్న క్లోజ్డ్ జత పెట్టుకుంటే పావుగంటలో చెవి చుట్టూ చెమట కారుతుంది. నేను ఒకప్పుడు నా జీతానికి మించిన ధర పెట్టి అలాంటిదే కొన్నాను. రెండో వేసవికి కుషన్ల మీది నల్ల తోలు పొట్టుగా రాలి మెడ మీద పడేది. విడి కుషన్లు దొరకలేదు. శబ్దం బాగానే ఉండేది, పెట్టుకోవడమే కుదిరేది కాదు. ధర చూసి కొన్నప్పుడు ఆ కుషన్లు గుడ్డవా, రెక్సినా అని చూడాలన్న ఆలోచనే నాకు రాలేదు.

వెనకవైపు జాలీ ఉండి గాలి ఆడే ఓపెన్ రకం 1968లోనే సెన్‌హైజర్ హెచ్‌డీ 414తో మొదలైంది. గుడ్డ కుషన్లున్న ఓపెన్ జత మా వేడికి తగినది, గొంతు కూడా అందులో తల బయట ఉన్నట్టు తేలికగా వినిపిస్తుంది. దానికి చిక్కు ఒకటుంది. బయటి ఫ్యాను మోత లోపలికి వస్తుంది, లోపలి పాట బయటికి పోతుంది. ఇల్లంతా ఒకే హాలై, అక్కడ టీవీ నడుస్తూ ఉంటే ఓపెన్ పనికిరాదు. రాత్రి తొమ్మిది తర్వాత మిద్దె మీది గదిలో ఒక్కరే వినేవారికి అంతకంటే మంచిది లేదు. నిర్ణయించేది ఇంటి గది. దీన్ని ఏ ధర చీటీ చెప్పగలదు?

శబ్దాన్ని అణిచే నాయిస్ క్యాన్సలింగ్‌ను ఇప్పుడు అందరికీ అంటగడుతున్నారు. ఆ ఆలోచన 1978లో జ్యూరిక్ నుంచి తిరిగి వస్తున్న విమానంలో బోస్ కంపెనీ పెట్టిన అమర్ బోస్‌కు వచ్చింది. విమానం ఇంజను లాంటి ఎడతెగని గుంయ్ శబ్దాన్ని అణచడానికి పుట్టిన పరికరం అది. ఫ్యాను, కూలర్ మోతను బాగా తగ్గిస్తుంది. కుక్కర్ ఈలను, వీధిలో అరుపులను, పక్కింటి మాటలను అంతగా తగ్గించదు. బస్సులో బెంగళూరుకు తిరిగేవారికి అది అవసరం. రాత్రిపూట ఇంట్లో వినేవారు బ్యాటరీకీ, మైకులకూ, చిప్పులకూ పెట్టే డబ్బు పాటకు చేరదు. పైగా ఆ బ్యాటరీ ఏళ్ళు గడిచేకొద్దీ నీరసిస్తుంది. 1997లో వచ్చిన సెన్‌హైజర్ హెచ్‌డీ 600 ఇప్పటికీ అమ్ముడవుతోంది. దాని వైరు, కుషన్లు విడిగా మార్చుకోవచ్చు. ఇంట్లో వినడానికి వైరుది పాతకాలపుదనే మాట నేను ఒప్పుకోను.

మనుషుల తలలు కూడా ఒకేలా ఉండవు. కళ్ళజోడు కాడ కుషన్‌ను కాస్త పైకి లేపితే చాలు, క్లోజ్డ్ జతలో బేస్ ఆ సందులోంచి పోతుంది. కళ్ళజోడు లేని సమీక్షకుడు మెచ్చుకున్న బేస్ కళ్ళజోడు ఉన్నవారికి దక్కదు. కమ్మలు, జూకాలు పెట్టుకునే ఆడవారికి గట్టిగా బిగిసే జత అరగంటలో నొప్పి పుట్టిస్తుంది. బంగారం ఊళ్ళో ఈ విషయాన్ని ఒక్క అమ్మకందారుడూ ప్రస్తావించడం నేను వినలేదు. బరువు ఇంకొకటి. హెచ్‌డీ 600 దాదాపు 260 గ్రాములు. దానికంటే ఎంతో ఖరీదైన, ప్లానార్ అనే రకం హెడ్‌ఫోన్లలో 400 గ్రాములు దాటినవి చాలా ఉన్నాయి. కొడుకు అమెరికా నుంచి ప్రేమగా పంపిన అలాంటి జతను మెడనొప్పి వల్ల డబ్బాలోనే దాచిపెట్టి, పాత రేడియోకే తిరిగిపోయిన పెద్దాయన మా బంధువుల్లో ఉన్నారు. కొడుకు నొచ్చుకుంటాడని ఆ సంగతి ఫోన్లో చెప్పలేదు.

పాలిష్ చేసిన నల్ల బండల నేల, సిమెంటు గోడలు, పైన కాంక్రీటు కప్పు ఉన్న మన గదుల్లో స్పీకర్ల శబ్దం ఎగిరెగిరి పడి మాట మసకబారుతుంది. అందుకే ఇంట్లో సంగీతానికి హెడ్‌ఫోన్ల మీద డబ్బు పెట్టడం తప్పని నేను అనడం లేదు. సరిగ్గా పెట్టమంటున్నాను.

5. "వంద గంటలు మోగించండి"

కొన్న తర్వాత నచ్చలేదంటే చెప్పే మాట ఇది. వంద గంటలు, రెండు వందల గంటలు మోగిస్తే విచ్చుకుంటుందట. నిజంగా పొర అంతగా మారేదైతే కొన్ని జతలు బాగుపడాలి, కొన్ని చెడిపోవాలి. అందరికీ బాగుపడటమే ఎందుకు జరుగుతోంది? మారేది ఎక్కువగా మన చెవి. అలవాటు పడుతుంది. కుషన్లు కూడా కాస్త మెత్తబడతాయి. ఈ మాట వల్ల జరిగే అసలు నష్టం వేరు. రోజుకు రెండు గంటలు వింటే వంద గంటలకు యాభై రోజులు పడుతుంది. వెనక్కి ఇచ్చే గడువు వారం, పది రోజుల్లో ముగుస్తుంది. నచ్చని సరుకు మన దగ్గరే ఉండిపోతుంది. మొదటి మూడు రోజుల్లో శ, ష, స లు తేడాగా ఉంటే నాలుగో రోజు వెనక్కి పంపండి.

6. బిగ్గరగా ఉన్నది మంచిదని

అంగట్లో గానీ స్నేహితుడి ఇంట్లో గానీ రెండు జతలు పక్కపక్కన పెట్టి వినేవారు ఎప్పుడూ ఒక పొరపాటు చేస్తారు. ఒకే వాల్యూమ్ మీటలో రెంటినీ వింటారు. ఒకటి సహజంగానే కాస్త బిగ్గరగా మోగుతుంది. ఒకటి రెండు డెసిబెల్స్ ఎక్కువగా ఉన్నది మన చెవికి "స్పష్టంగా", "నిండుగా" అనిపిస్తుంది, బిగ్గరగా అని అనిపించదు. అమ్మేవారికి ఈ మర్మం తెలుసు. పాడే గొంతు రెండింటిలోనూ సమానంగా వినపడేట్టు వాల్యూమ్ సరిచేసుకున్నాకే పోల్చాలి. అలా చేస్తే పదివేల తేడా ఉన్న జతలు రెండూ అన్నదమ్ముల్లా వినిపించడం నేను ఎన్నోసార్లు చూశాను.

దీనికంటే పెద్ద ప్రమాదం ఇంటికొచ్చాక మొదలవుతుంది. మంచి జత బిగ్గరగా పెట్టినా గరగరమనదు, చెవిని గుచ్చదు. చవక జత అయితే బొంగురుపోయి మనల్ని హెచ్చరించేది. ఇక్కడ ఆ హెచ్చరిక లేదు, చేయి పైకే పోతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం పెద్దలకు 80 డెసిబెల్స్ వద్ద వారానికి 40 గంటలు హద్దు, పిల్లలకు 75 వద్దే. ప్రతి 3 డెసిబెల్స్‌కు ఆ కాలం సగమవుతుంది. 83 వద్ద 20 గంటలు, 86 వద్ద 10, 89 వద్ద 5, 92 వద్ద రెండున్నర గంటలు. ఇది వారం మొత్తానికి. పోయిన వినికిడి తిరిగి రాదు, ముందు పోయేది పైస్థాయి. ఏ తారస్థాయి మెరుపు కోసం ముప్పైవేలు పెట్టారో, ఆ మెరుపును వినే చెవే అలా పోతుంది. ఫోన్లో వాల్యూమ్ హద్దు పెట్టుకునే సెట్టింగు ఉంది, దానికి పైసా ఖర్చు లేదు. హెడ్‌ఫోన్లు అమ్మేటప్పుడు ఈ మాట చెప్పినవారిని ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందులల్లో ఒక్కరిని కూడా చూడలేదు. ఇది నన్ను అన్నిటికంటే ఎక్కువ బాధిస్తుంది.

7. "విని చూసే వీలు లేదు, ధరే దిక్కు"

మిగిలిన వాదన ఇదొక్కటే, ఇది బలమైనది కూడా. చిన్న ఊరివాడు ఏం చేయాలి?

ధరను వదిలేసి, తనకు తెలిసిన విషయాల నుంచి మొదలుపెట్టాలి. ఏం వింటాను, ఏ గదిలో, ఏ వేళ, తల మీద ఏముంది, ఎంతసేపు. ఈ ఐదు ప్రశ్నలకు జవాబు రాసుకుంటే సగానికి సగం మోడళ్ళు వాటంతటవే రాలిపోతాయి. మిగిలినవాటి కొలతల గీతలు ఇప్పుడు ఎవరైనా చూడవచ్చు. గొంతు ఉండే మధ్యభాగం ఎత్తుపల్లాలు లేకుండా సాఫీగా ఉందా, 5 నుంచి 8 కిలోహెర్ట్జ్ మధ్య కొండ లేచిందా అని చూడటం నేర్చుకోవడానికి ఒక సాయంత్రం చాలు. వాయిదా చీటీ చదవడం అంతకంటే కష్టం. కాస్త తేడా ఉంటే ఫోన్లోని ఈక్వలైజర్‌తో సరిచేసుకోవచ్చు. కుషన్లు విడిగా దొరకని మోడల్‌ను ఎంత పొగిడినా కొనకండి. ఇక డబ్బు సంగతి. ఇంట్లో వినడానికి నా హద్దు 10 నుంచి 20 వేల మధ్య. ఆ పైన పెట్టేది లోహం పనితనానికీ, పేరుకూ, పెట్టెకూ పోతుంది. అవి కావాలనుకుని, తెలిసి పెట్టేవారిని నేను తప్పుపట్టను. పాట కోసం పెడుతున్నానని నమ్మించి పెట్టించడం తప్పు. పులివెందులలో హాస్టల్ ఖర్చు మిగుల్చుకుని నెలనెలా వాయిదా కట్టే పిల్లవాడి విషయంలో అది అన్యాయం కూడా.

వీలు లేదన్న మాటకు అసలు జవాబు మాత్రం అంగళ్ళవారే ఇవ్వాలి. ప్రొద్దుటూరు బంగారు అంగట్లో నల్ల రాయి బల్ల మీద అందరికీ కనిపించేలా ఉంటుంది. ఆ రాయిని లోపల దాచిపెట్టి "రేటే చెప్తాంది" అంటే ఆ అంగట్లోకి మళ్ళీ ఎవరూ అడుగుపెట్టరు. ఎలక్ట్రానిక్స్ అంగట్లో కూడా ఒక ఓపెన్ జత, ఒక క్లోజ్డ్ జత డబ్బా విప్పి బల్ల మీద పెట్టండి. పక్కన ఒక కుర్చీ వేయండి. కొనేవారు తమ ఫోన్లోంచి తమ పాట పెట్టుకుని పావుగంట వింటారు. రెండు జతల ఖర్చు అంగడికి ఏడాదిలో తిరిగి వస్తుంది. అది చేసేదాకా, కొనడానికి వెళ్ళిన ప్రతిఒక్కరూ డబ్బు తీయకముందు ఒకే మాట అడగండి: "విప్పి వినిపిస్తారా?"